బోరింగు మాదిరి తుపాకీ

పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు నిండిన ఏడు లింగాల మండలంలో అరటి పెరుగుతుంది, చీనీ నిలబడుతుంది, వాటి వెనకాలే అడివిపంది దిగుతుంది. వచ్చిన నీళ్లలో సగమే రైతువి, తక్కిన సగం పందివి అని ఇక్కడొక పెద్దాయన అంటుంటాడు. ఈ సంవాదంలో మామ ఆయనే. అల్లుడు ఆయన అక్క కొడుకు. డాలస్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం, మూడు వారాల సెలవు మీద వచ్చాడు. ఇద్దరి పేర్లూ రాయను. ఈ మండలంలో ఏ ఊరికి పోయినా ఇట్లాంటి మామ ఒకడు, ఇట్లాంటి అల్లుడు ఒకడు ఉండకపోరు.

మోటరు రూము ముందర నులకమంచం. రాత్రి కాపలాకు కావలసినవన్నీ దాని కింద ఉన్నాయి: నూనె డబ్బా, కట్టె, చార్జింగు లైటు. అల్లుడు ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు. మాట అక్కడ మొదలైంది.

అల్లుడు: ఇదిగో చూడు మామా. మార్లిన్ 336. దీనికి వేసే తూటాను థర్టీ-థర్టీ అంటారు. పోయిన చలికాలం దీంతోనే నాలుగు పందుల్ని కొట్టినా.

మామ: ఇది కృష్ణ సినిమాలో తుపాకీ కదరా! మోసగాళ్లకు మోసగాడు. ప్రొద్దుటూరికి పోయి చూసినాం మేము.

అల్లుడు: ఆ జాతిదే.

మామ: కింద ఆ రింగేంది, కత్తెర పిడి మాదిరి?

అల్లుడు: అదే లీవరు. మూడు వేళ్లు దాంట్లో పెట్టి కిందికి తోస్తే, పేలిన డొల్ల బయటికి ఎగిరిపోతుంది. మీదికి లాగితే కొత్త తూటా గొట్టంలోకి పోయి కూర్చుంటుంది. గుర్రం కూడా దానంతటదే ఎక్కి ఉంటుంది.

మామ: బోరింగు కొట్టినట్టు.

అల్లుడు: అచ్చం బోరింగు కొట్టినట్టే! తుపాకీ భుజం మీద నుంచి దించే పనిలేదు, పంది మీద నుంచి కన్ను తీసే పనిలేదు. ఇంగో రకం ఉంది, బోల్టు రైఫిలు. దానికి ప్రతి దెబ్బకూ చెయ్యి తీసి, బోల్టు మీదికి ఎత్తి, వెనక్కి గుంజి, ముందుకు తోసి, కిందికి తిప్పాల. పైగా ఆ బోల్టు మామూలుగా కుడిపక్కే ఉంటుంది. నాది పుర్రచెయ్యి. నా బాధ నీకేం తెలుస్తుంది? లీవరుకు కుడీ ఎడమా లేదు. నడిమధ్యన ఉంటుంది.

(1971లో వచ్చిన ఆ సినిమాతోనే తెలుగు తెరకు కౌబాయ్ టోపీ దొరికింది. మనవాళ్లలో చాలామందికి లీవరు తుపాకీ అంటే అడవి కాదు, గుర్రమూ కృష్ణా గుర్తుకొస్తారు. అమెరికాలో కూడా దాని మోజులో సగం సినిమాదే అని నా అనుమానం. అల్లుడు ఒప్పుకోలేదు.)

మామ: సరే, రెండో దెబ్బ తొందరగా పడుతుంది. అది మొదటి దెబ్బ తప్పినోడికి గదా కావాల్సింది?

అల్లుడు: గాయపడిన పంది ఎట్లుంటుందో నీకు తెలీదా? కోర పంది తిరిగి మీదికొస్తే ఎవుని దగ్గర రెండో తూటా ఉందో వాడే ఇంటికి పోతాడు.

మామ: తెలుసు కాబట్టే చెప్తాండా. నా నాటు తుపాకీకి రెండో దెబ్బ అనే మాటే లేదు. మందు పొయ్యాల, గుడ్డపేలికలు కూరాల, గుండ్లు వెయ్యాల, మళ్లీ కడ్డీతో కూరాల, క్యాపు పెట్టాల. ఇదంతా అయ్యేసరికి పంది పార్నపల్లె దాటి పోయుంటుంది. వాన తుంపర పడిందా, మందు నెమ్ము పట్టి తుస్సుమంటుంది. అందుకే అది చేతిలో ఉన్నోడు కొట్టేముందు పదిసార్లు ఆలోచిస్తాడు. నీ బోరింగు తుపాకీ ఉన్నోడు కొట్టినాక ఆలోచిస్తాడు.

అల్లుడు: అంత ఆలోచించి ఎన్ని పందుల్ని కొట్టినావు మామా?

మామ: ఒక్కటీ కొట్టలే. ఆకాశాన్ని కొట్టినా.

అల్లుడు నవ్వాడు. నేను నవ్వలేదు. ఎందుకంటే పెద్దాయన చెప్పింది హాస్యం కాదు, చట్టం. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట కాపాడుకోవడానికి రైతుకు నాటు తుపాకీ లైసెన్సు ఇవ్వవచ్చునంటుంది. అది చాలదనుకుంటే లోపల గాట్లు లేని నున్నటి గొట్టం తుపాకీ కూడా ఇవ్వవచ్చునంటుంది. ఇంకోపక్క 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఉంది. 1991 సవరణతో లైసెన్సు మీద వేటాడే పద్ధతే పోయింది. 2022 సవరణలో షెడ్యూళ్లు ఆరు నుంచి నాలుగుకు తగ్గి, అంతకుముందు మూడో షెడ్యూల్లో ఉన్న అడివిపంది రెండో షెడ్యూల్లోకి వచ్చింది. పంట పాడుచేస్తుందని రుజువైతే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌గాని, ఆయన అధికారమిచ్చిన ఆఫీసరుగాని రాతమూలకంగా అనుమతిస్తే తప్ప దాన్ని కొట్టకూడదు. అంటే పంట కోసం తుపాకీ ఒక ఆఫీసు ఇస్తుంది, పంట తినేదాన్ని కొట్టడానికి ఇంకో ఆఫీసు కాయితం కావాలి. రెండు కాయితాల నడుమ ఉన్న జాగాలోనే పంది మేస్తుంది. కేరళ వాళ్లు 2022లో ఆ రెండో కాయితం ఇచ్చే అధికారాన్ని పంచాయతీ ప్రెసిడెంట్ల దాకా దించారు.

మామ తుపాకీ ఇప్పుడు ఆయన దగ్గర లేదు. ఎలక్షన్ కోడ్ వచ్చిన ప్రతిసారీ లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించాలి. ఈ ప్రాంతంలో తుపాకీకి పందితో పనిలేని చరిత్ర ఒకటి ఉంది గనక దాన్ని ఎవరూ తప్పుపట్టరు. 2024లో కోడ్ మార్చి 16న వచ్చింది, పోలింగు మే 13న జరిగింది. ఆ రెండు నెలలూ యాసంగి శెనక్కాయ పీకే కాలం. పందికి ఎలక్షన్ కోడ్ లేదు. తిరిగి తెచ్చుకోవడానికి తిరిగీ తిరిగీ ఒకసారి మామ రెన్యువలే వదిలేశాడు.

అల్లుడు: మన సీమలో లీవరు తుపాకీ తిరగలేదనుకుంటాండావేమో. కెన్నెత్ ఆండర్సన్ పేరు విన్నావా? బెంగుళూరు దొర. 1910లో పుట్టి 1974లో పోయినాడు. మన శేషాచలం కొండల్లో, చామల లోయలో మనుషుల్ని తినే పులి వెంట తిరిగినాడు. 1954లో వచ్చిన ఆయన పుస్తకంలో ఆ కథ ఉంది. భాకరాపేట, నాగపట్ల, పులిబోను, అన్నీ ఉన్నాయి దాంట్లో. ఆయన చేతిలో ఉండింది వించెస్టరు 1895, పాయింట్ 405. లీవరుదే!

మామ: భాకరాపేట మీదనే గదా తిరుపతికి పోయేది.

అల్లుడు: అదే. నువ్వు బస్సు కిటికీలోంచి చూసే అడవిలోనే. అమెరికా ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ కూడా దిగిపోయినాక, 1909లో ఆఫ్రికాకు సింహాల వేటకు పోతూ అదే మోడలు, అదే 405 తీసుకుపోయినాడు. తూటాలో గుండే 19 గ్రాములు ఉంటుంది.

మామ: దొరకు పులి దొరికిందా, వాని తుపాకీకి దొరికిందా? చెట్టు మీద రాత్రుళ్లు కూర్చున్నాడా లేదా?

అల్లుడు: కూర్చున్నాడు.

మామ: నేనూ కూర్చుంటాండా. ఇరవై ఏండ్లుగా. పుస్తకం రాయలేదంతే.

(ఆండర్సన్ చివరికొచ్చేసరికి అడవిని కాపాడాలనే ఎక్కువ రాశాడు. మామకు ఆ సంగతి నేను చెప్పాను. "చూసినావా" అన్నట్టు అల్లుడి వైపు చూశాడు. అల్లుడు మాత్రం అంత సులభంగా వదిలే రకం కాదు.)

అల్లుడు: పులి సంగతి పోనీ. ఆ మిషను అందం చెప్తా విను. 1860లో హెన్రీ అనే ఆయన చేసినాడు, పదహారు తూటాలు పట్టేది. అప్పుడు లోకమంతా నీలాగే గొట్టం మూతిలో మందు పోసుకుంటాంది. తర్వాత వించెస్టరు 1873 వచ్చింది. 1894లో జాన్ బ్రౌనింగ్ చేసిన మోడలైతే 2006లో న్యూహేవెన్ ఫ్యాక్టరీ మూతపడేదాకా 70 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. సన్నగా, బల్లపరుపుగా ఉంటుంది. గుర్రం జీను పక్కన దూరుస్తారు. నడిమికి పట్టుకొని చెట్లలో నడిస్తే చేతికి బరువే తెలీదు. తూటాలు గొట్టం కిందనే ఇంగో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి, రేషను షాపు కాడ క్యూ మాదిరి.

మామ: వెనకాలోని ముక్కు ముందరోని పిర్రకు తగల్దా?

ఇక్కడ ఆగాలి. తుపాకుల మీద లావు పుస్తకాలు రాసినవాళ్లు పేజీలు ఖర్చుపెట్టే విషయాన్ని పెద్దాయన ఒక్క ప్రశ్నతో పట్టుకున్నాడు. తగులుతుంది. తూటా మొన వాడిగా ఉంటే, తుపాకీ పేలి వెనక్కి తన్నినప్పుడు ఆ మొన ముందున్న తూటా అడుగున ఉండే పేలుడు బిళ్లకు గుచ్చుకుని, గొట్టంలోనే పేలిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఈ తుపాకులకు ముక్కు చప్పిడిగా ఉండే గుండ్లు చేస్తారు. చప్పిడి ముక్కు గాలిని చీల్చలేదు, తొందరగా వేగం తగ్గుతుంది. థర్టీ-థర్టీ మంచి దెబ్బ 150 గజాలు, సాగదీస్తే 200. ఆండర్సన్ వాడిన 1895 మోడల్లో తూటాలు వరసగా కాక కింద పెట్టెలో ఒకదాని మీద ఒకటి ఉంటాయి, దానికి ఈ చిక్కు లేదు. వాడి మొన తూటాతో అదే తుపాకీని మొదటి ప్రపంచయుద్ధంలో రష్యా సైన్యం దాదాపు 3 లక్షలు కొన్నది. ఈ మధ్య మెత్తటి ప్లాస్టిక్ మొనతో కొత్త తూటాలు వచ్చి పాత వాటి దూరం కొంచెం పెరిగింది. కాని చెట్ల మధ్య వేటాడేవాడికి ఆ పొట్టి దూరం లోటేమీ కాదు. పొదలో పంది 50 గజాల్లోనే కనపడుతుంది.

అల్లుడు: తగుల్తుంది మామా. అందుకే ముక్కు చప్పిడి చేసినారు.

మామ: చూడు, ఆ ఒక్కటి నాకు నచ్చింది. ఇంగ టెక్సాసులో లైసెన్సు ఎవరిస్తారో చెప్పు.

అల్లుడు: అదే తమాషా. పెంపుడు పందులు తప్పిపోయి అడివైపోయినవే ఆడ ఎక్కువ. స్పెయిను వాళ్లు తెచ్చినవి, తర్వాత వేటకని తెచ్చి వదిలినవీ కలిసినాయి. 25 లక్షలకు పైగా ఉంటాయని లెక్క. అందుకే 2019 నుంచి ప్రైవేటు భూమిలో, ఆసామి ఒప్పుకుంటే, వాటిని కొట్టేదానికి వేట లైసెన్సే అక్కర్లేదు. పగలూ రాత్రీ ఎప్పుడైనా కొట్టొచ్చు. ఎన్ని కొట్టినా అడిగేవాడు లేడు.

మామ: మరి నీకు?

అల్లుడు: నాకు కావాల. నేను వీసా మీద ఉండేవాణ్ణి. వీసా మీద ఉన్నోడు ఆ దేశంలో తుపాకీ పట్టుకోకూడదు. వేట లైసెన్సు ఉంటే మాత్రం మినహాయింపు. పందిని కొట్టేదానికి లైసెన్సు అక్కర్లేదు, తుపాకీ ముట్టుకునేదానికే నాకు వేట లైసెన్సు కావాల. తీసుకున్నా.

మామ: అంటే ఆడ కూడా రెండు కాయితాలు ఉండాయి, అబ్బీ. నీ మీద నడుస్తాండాయి గానీ పంది మీద నడవడం లేదంతే.

అల్లుడు: కానీ అది పరాయి జంతువు మామా, మన పంది మాదిరి ఆ నేలది కాదు. అందుకే ఆడ దానికి చట్టం అడ్డం రాదు. 2011 నుంచి హెలికాప్టరు మీద నుంచి కూడా కొట్టొచ్చు.

మామ: (నులకమంచం మీద నుంచి లేచి) హెలికాప్టరా! మరి ఇన్నేండ్లలో పందులు తక్కువైనాయా?

అల్లుడు: …లేదు.

మామ: ఏందీ?

అల్లుడు: తక్కువ కాలేదు. ఏటా మూడింట రెండు వంతుల పందులు పోతే గానీ మంద పెరగకుండా ఉండదని ఆడి యూనివర్సిటీ వాళ్లే చెప్తారు. కొట్టేకొద్దీ అవి రాత్రి జీవాలైపోతాయి, జాగా మారుస్తాయి. మందను మందగా బోనులో పట్టేదే మేలంటారు.

మామ: ఇంగ చాలు. ముగిసె.

ముగియలేదు. నా లెక్కలో ఇక్కడ మామ గెలిచింది మాటలోనే. అల్లుడు అసలు చెప్పదలచుకుంది పందుల్ని తగ్గించడం గురించి కాదు. తను చేసే పని చేతికి తెలియడం గురించి. కీబోర్డు ముందు వారమంతా కూర్చునేవాడికి, నడిచి పోయి, గాలివాటు చూసుకుని, 60 గజాలు పాకి, కుక్కలాగా వాసన పట్టే జంతువుకు తెలియకుండా దగ్గరయ్యేదాంట్లో ఏముందో నాకు అర్థమవుతుంది. దూరం నుంచి టెలిస్కోపు పెట్టి కొట్టే రైఫిలు ఆ నడకను తీసేస్తుంది. లీవరు తుపాకీ నడవమంటుంది. ఆ ఆకర్షణను తుపాకీ పిచ్చి అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. కాని మామ తర్వాత అన్నది దీనికన్నా బరువైన మాట.

మామ: ఆ గుండు పందికి తగలకపోతే యాడికి పోతుంది?

అల్లుడు: మట్టిలోకి. మేము కిందికి వాలుగా కొడతాం కదా.

మామ: మట్టి తప్పితే?

అల్లుడు: …మైలు దాటి పోతుంది.

మామ: మైలు. ఇటు చూడు. ఆ లైటు పక్క తోట వాళ్ల మోటరు. దాని అవతల గొర్రెలోళ్లు మంద పెట్టినారు. ఇంకా అవతల రోడ్డు. పందిని కాసేదానికి ప్రతి తోటలో ఒకడు నాలాగే మంచం వేసుకోనుంటాడు. నీ రైతుకు టెక్సాసులో పక్క మనిషి ఎంత దూరంలో ఉంటాడు?

అల్లుడు: కనపడడు.

మామ: ఈడ కనపడడు, కానీ ఉంటాడు. చీకట్లో ఉంటాడు. నాటు తుపాకీ గుండ్లు కొద్ది దూరం పోయి పడిపోతాయి. అందుకే దాన్ని ఇస్తామన్నారు, రైఫిలు అంత సులభంగా ఇయ్యరు. ఆ చట్టం రాసినోడు ఎవుడో గానీ వానికి తోట కాపలా తెలుసు.

అల్లుడు: ఒప్పుకున్నా. ఇప్పుడు నా మాటకు జవాబు చెప్పు. తుపాకీ వద్దు అన్నావు, సరే. మరి కంచెకు దొంగ కరెంటు ఇస్తాండారే! ఆ తీగ పందినీ చూడదు, మనిషినీ చూడదు. తెల్లారుజామున మోటరు వేయబోయినోడు, ఒక్కోసారి ఆ తీగ కట్టినోడే, దానికి తగులుకొని పోతాండారు. ప్రతి ఏడూ పేపర్లో చూస్తాండాం. కాయితమిచ్చి, తెలిసినోడి చేతికి మంచి తుపాకీ ఇచ్చి, పగలు కొట్టిస్తే ఆ తీగ కన్నా మేలు కాదా?

మామ చాలాసేపు మాట్లాడలేదు. ఆ ప్రశ్నకు ఆయన దగ్గరే కాదు, నా దగ్గరా మంచి జవాబు లేదు. ఈ తోట చుట్టూ ఉన్నది చీరల కంచె. అత్తవి, కోడలివి, పెళ్లిళ్లలో పెట్టుబడికి వచ్చి ఎవరూ కట్టనివి, రంగురంగుల పాత చీరలు గుంజలకు కట్టి ఉన్నాయి. పందికి చూపు తక్కువ, వాసన ఎక్కువ. కొత్త చీర వాసన ఉన్నన్నాళ్లు జంకుతుంది, తర్వాత కింద నుంచి దూరుతుంది. శెనక్కాయ చేను చుట్టూ ముళ్ల కుసుమ నాలుగు వరసలు వేస్తే కొంత ఆగుతుంది. సోలారు కంచె బాగా ఆపుతుంది గానీ దాని ఖర్చు ఒక్క రైతు మొయ్యలేడు, వరసగా పది తోటలు కలిసి వేసుకుంటేనే ఉపయోగం. ఒక్క తోటకు వేస్తే పంది పక్క తోటలోకి పోతుంది. ఈ మూడూ మామకు తెలిసినవే. మూడోదానికి ఊరు కలవాలి.

మామ: దాని ఖరీదెంత రా, నీ బోరింగుది?

అల్లుడు: వెయ్యి డాలర్ల పైమాటే.

మామ: (మనసులో లెక్క వేసుకుని) ఈ చెరువు కాలువ దాకా సోలారు తీగ రాదూ?

అల్లుడు: రాదు మామా. సగం దాకా వస్తుందేమో.

మామ: సగానికి నువ్వియ్యి. తక్కిన సగానికి పక్క తోటోణ్ణి నేనడుగుతా. వాడు నాతో రెండేండ్లుగా మాట్లాడ్డం లేదనుకో.

నేను పడుకునేసరికి పదకొండు దాటింది. రెండింటప్పుడు చప్పుడైంది. మామ డబ్బా కొట్టాడు, అల్లుడు లైటు వేశాడు. ఎన్ని ఉన్నాయో తెలియలేదు గాని ఒకటి మాత్రం దున్నపోతంత ఉందని అల్లుడు ప్రమాణం చేశాడు. అవి చీరల కింద నుంచి పక్క తోటలోకి పోయాయి. కాసేపటికి అటువైపు నుంచి కూడా డబ్బా మోగింది.

తెల్లారి చూస్తే చీనీ చెట్ల కింద డ్రిప్పు పైపు నాలుగు చోట్ల కొరికేసి ఉంది. జాయినర్ల కోసం అల్లుడే బండి తీసుకుని పులివెందులకు పోయాడు.